ఇల్లు కట్టుకోవడానికి సిమెంటు పర్మిటా? ఆ రోజులు చూసినవాళ్లు కాస్త చెప్పండి

గోదారి_గట్టు
ఊళ్లో పాత ఇంటికి మరమ్మతులు చేయిద్దామని పోయిన వారం అటక మీద సామాన్లు దించాం. తాతయ్య ట్రంకు పెట్టెలో ఒక కాగితం దొరికింది. 1979 నాటిది. ఇల్లు కట్టుకోవడానికి 120 బస్తాల సిమెంటు కావాలని ఆయన దరఖాస్తు పెట్టుకుంటే 45 బస్తాలకు మంజూరు చేస్తూ గుండ్రటి సీలు వేసి ఇచ్చారు. వెనక పెన్సిలుతో తాతయ్య చేతిరాత. ఏడు తేదీలు వరసగా రాసుకున్నారు. ఆఫీసుకు తిరిగిన రోజులు అవేనని నాన్న అన్నారు.

డబ్బు ఆయనది, స్థలం ఆయనది. మధ్యలో సర్కారు అనుమతి ఎందుకు? కాలేజీలో మా సారు ఒకాయన "ఆ సోషలిజమే లేకపోతే దేశం ఆకలితో పోయేది" అని చెప్పేవారు. నాన్నేమో ఆ పేరెత్తితేనే మండిపడతారు. ఇద్దరూ నాకు గౌరవం ఉన్నవాళ్లే. ఎవరి మాట నమ్మాలో తెలియక అడుగుతున్నాను. పుస్తకాల్లో ఉన్నది కాదు, మీరు చూసింది చెప్పండి.

పాతకాలం_మనిషి
45 బస్తాలు వచ్చాయంటే మీ తాతగారు అదృష్టవంతులు. సగానికి సగం దరఖాస్తులు కట్ట కట్టి బీరువాలో పడి ఉండేవి.

ఎందుకని అడిగారు కాబట్టి చెబుతాను. సిమెంటు ధర సర్కారే నిర్ణయించేది, జనానికి చవగ్గా అందాలని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ధరకు అమ్మితే కొత్త ఫ్యాక్టరీ పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అందుకని ఎవరూ పెట్టలేదు. పెడదామన్నా లైసెన్సు కావాలి. సరుకు తగ్గింది. ఉన్న కాస్త సరుకును పంచడానికి పర్మిట్లు పెట్టారు. పర్మిటు దొరకనివాడు బ్లాకులో రెండింతలు పెట్టి కొన్నాడు, అందులోనూ బూడిద కలిసేది. చవక ధర పేరు మీద మామూలోడు అందరికన్నా ఎక్కువ కట్టాడు.

1982లో సగం పైన లెవీ కింద, అంటే సర్కారు ధరకు ఇవ్వాల్సిన వాటాగా ఉంచి మిగతాది బజారులో అమ్ముకోనిచ్చారు. 1989లో కంట్రోలు పూర్తిగా ఎత్తేశారు. 1980కీ 1990కీ మధ్య దేశంలో సిమెంటు ఉత్పత్తి రెండింతలు దాటింది. సున్నపురాయి అంతకు ముందూ మన నల్గొండలో, కడపలో, కర్నూలులో భూమిలోనే ఉంది కదా.

చిన్న_సందేహం
అంటే పెళ్లికి చక్కెర కావాలన్నా పర్మిటేనా?

పాతకాలం_మనిషి
అవును. శుభలేఖ జత చేసి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు. ఎన్ని కిలోలు ఇస్తారో చూసుకుని లడ్డూల లెక్క వేసుకోవాలి.

నెల్లూరు_మొలగొలుకులు
చక్కెర సరే, బియ్యం సంగతి వినండి. మా అమ్మ పురిటికని మా అమ్మమ్మ 1967లో మద్రాసు వెళ్లింది. పచ్చి బాలింతకు కొత్త ఊరి బియ్యం పడవని పది కిలోల మొలగొలుకులు మూట కట్టుకుంది. సొంత పొలంలో పండినవి. సరిహద్దు చెక్‌పోస్టులో బస్సు ఆపి మూట దించేశారు. రాష్ట్రం దాటి బియ్యం పోకూడదు, అదీ రూలు. మూట అక్కడే వదిలి, ఏడుస్తూ వెళ్లిందట. 90 ఏళ్లు బతికింది. చివరిదాకా ఆ మూట గురించి చెబుతూనే ఉండేది.

సరిహద్దు అవతల మద్రాసులో బియ్యం కోసం జనం అల్లాడుతున్నారు, ఇవతల నెల్లూరులో రైతుకు రేటు లేదు. ఈ రెంటికీ మధ్య గేటు వేసి కాపలా కాయడం ఏ లెక్కన మేలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎర్రమందారం
ఆ గేటు ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి కదండీ. 1965, 66ల్లో వరసగా రెండేళ్లు వానల్లేవు. అమెరికా నుంచి పీఎల్ 480 అనే ఆహార సాయం కింద గోధుమలు ఓడల్లో వస్తే తప్ప బండి నడవని రోజులు. వదిలేస్తే వ్యాపారి ఎక్కడ ఎక్కువ ధర వస్తే అక్కడికి తరలిస్తాడు. పండిన జిల్లాలోనే కూలివాడికి గింజ దొరకదు. 1943లో బెంగాల్ కరువు చూసిన తరం వాళ్లది. మీ అమ్మమ్మగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ భయం ఊరికే పుట్టలేదు.

ఇంకో మాట. సోషలిజాన్ని ఎవరో రష్యా నుంచి తెచ్చి నెత్తిన రుద్దారన్నట్టు మాట్లాడతారు. 1944లో బొంబాయి పారిశ్రామికవేత్తలే, టాటా, బిర్లాలతో సహా, ఒక ప్రణాళిక రాసి, భారీ పరిశ్రమలు సర్కారే పెట్టాలని అడిగారు. వాళ్ల దగ్గర అంత పెట్టుబడి లేదు. తెల్లవాళ్లు వెళ్లేనాటికి మనిషి సగటు ఆయుష్షు 32 ఏళ్లు. 1951లో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఏ కంపెనీ వచ్చి ఊళ్లో బడి పెడుతుంది చెప్పండి?

లెక్కల_లలిత
ఎర్రమందారం గారూ, బడి ఎవరు పెట్టాలన్నది ఇక్కడ తగాదా కాదు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఈ మాట వచ్చినప్పుడల్లా నా పిల్లలు కూడా అన్నీ ఒకే గంపలో వేస్తారు. సర్కారు బడి, ఆస్పత్రి, కాలువ కట్టడం ఒకటి. సర్కారే ఫ్యాక్టరీ నడపడం ఇంకొకటి. ఇతరులు ఏం తయారుచెయ్యాలి, ఎంత తయారుచెయ్యాలి, ఎంతకమ్మాలి అని చెప్పడం పూర్తిగా వేరు. మన దేశాన్ని బాగా దెబ్బ కొట్టింది ఈ మూడోది. విచిత్రం ఏమిటంటే మూడోదాని మీద పెట్టినంత శ్రద్ధ మొదటిదాని మీద పెట్టలేదు. 1991 నాటికి కూడా చదువొచ్చినవాళ్లు నూటికి 52 మందే.

1951 పరిశ్రమల చట్టం ప్రకారం కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, కొత్త సరుకు మొదలుపెట్టాలన్నా లైసెన్సు కావాలి. అనుమతించిన దానికన్నా మరీ ఎక్కువ తయారుచేస్తే తప్పు. మళ్లీ చదవండి: ఎక్కువ తయారుచేస్తే తప్పు. సరుకు చాలని దేశంలో! పెద్ద కంపెనీలు మరీ పెరగకుండా ఆపే ఎంఆర్‌టీపీ చట్టం 1969లో, విదేశీ మారకం మీద ఆంక్షలు పెట్టే ఫెరా 1973లో వచ్చాయి. 1973-74లో ఆదాయపు పన్ను పై శ్లాబు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. 2 లక్షలు దాటిన ఆదాయంలో ప్రతి వందకూ మిగిలేది రెండుంపావు రూపాయలు. ఎవరు లెక్క చూపిస్తారు? నల్లడబ్బు అనే మాట మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో వెతకాలంటే అక్కడ వెతకాలి.

1950 నుంచి 1980 దాకా వృద్ధి రేటు ఏటా సుమారు మూడున్నర శాతం. జనాభా రెండు శాతం పైన పెరిగింది. మనిషికి మిగిలింది ఒకటిన్నర లోపే. అంటే ఒక మనిషి ఆదాయం రెట్టింపు కావాలంటే దాదాపు 50 ఏళ్లు. ఒక జీవితం అయిపోతుంది.

పాత_చేతక్
స్కూటరు ముచ్చట ఎవరూ ఎత్తలేదేం? మా బాబాయి డిగ్రీలో చేరిన ఏడు బుక్ చేశారు. బండి వచ్చేనాటికి ఆయనకు ఇద్దరు పిల్లలు. మధ్యలో పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు "అబ్బాయి పేరు మీద స్కూటరు బుకింగ్ ఉంది, నంబరు దగ్గర పడింది" అని మా తాత చెబితే పిన్ని వాళ్ల నాన్న వెంటనే తాంబూలాలు మార్చుకుందామన్నారట. పిన్ని ఇప్పటికీ అంటుంది, నన్ను చూసి కాదు, ఆ రసీదు చూసి కుదిరిన సంబంధం అని.

గోదారి_గట్టు
పాత_చేతక్ గారూ, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను, అమ్మ పడీపడీ నవ్వింది. లలిత గారూ, మీరు మూడుగా విడదీసి చెప్పింది నాకు బాగా ఉపయోగపడింది. కానీ ఎక్కువ తయారుచేస్తే తప్పు అన్నారు చూడండి, అది ఏ ఆలోచనతో పెట్టారు?

లెక్కల_లలిత
పెట్టుబడి తక్కువున్న దేశం కాబట్టి, ఎక్కడ ఎంత పెట్టాలో ఢిల్లీలో కూర్చుని లెక్క వేస్తే వృథా ఉండదనుకున్నారు. 1956 నుంచి మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక, దానికి రూపం ఇచ్చిన గణాంకవేత్త మహలనోబిస్ లెక్కలు, అంతా అదే నమ్మకం. వాళ్లు నిజాయతీపరులు, చాలా తెలివైనవాళ్లు. కానీ తెనాలిలో ఎన్ని స్కూటర్లు కావాలో ఢిల్లీలో ఎంత తెలివైనవాడికైనా ఎలా తెలుస్తుంది? అది తెనాలి బజారుకు తెలుస్తుంది.

తెనాలి_మిల్లు
మా ఊరి పేరు వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. మాది మూడు తరాల బియ్యం మిల్లు. ఆడించిన బియ్యంలో పెద్ద వాటా లెవీ కింద సర్కారు చెప్పిన ధరకు ఇవ్వాలి, మిగిలింది బయట అమ్ముకోవాలి. లెవీలో పోయిన నష్టం మిల్లరు తన జేబులోంచి పెట్టుకుంటాడా? రైతుకిచ్చే ధరలో కోసేస్తాడు. మా నాన్న అదే చేశారు, పక్క మిల్లూ అదే చేసింది. లెవీ మిల్లు మీద వేశామనుకున్నారు, బరువు మోసింది రైతు.

శ్రీకాకుళం_సీత
తెనాలి గారూ, ఆ లెవీ బియ్యం ఎక్కడికి వెళ్లాయో నేను చెప్పనా? మా ఇంటికి వచ్చాయి. 1983లో రామారావు గారు కిలో రెండు రూపాయలు చేశాక మా ఇంట్లో రోజూ వరన్నం వండడం మొదలైంది. అంతకుముందు అంబలి, పండగనాడు అన్నం. మా అమ్మ కూలికి వెళ్లేది. రేషన్ షాపు ముందు లైన్లో నిలబడడం నాకు నామోషీ కాదు, ఆ లైను వల్లే నేను చదువుకున్నాను. కంట్రోలు అంతా తప్పే అంటే నేను ఒప్పుకోను.

తెనాలి_మిల్లు
సీతమ్మా, మీకు బియ్యం అందడం తప్పని నేను అనలేదు. ఆ ఖర్చు ఖజానా నుంచి పెట్టి, రైతుకు బజారు ధర ఇచ్చి కొని, మీకు రెండు రూపాయలకే ఇవ్వాల్సింది. పేదవాడి బియ్యానికి ఇంకో బీదరైతు చేత డబ్బు కట్టించారు, నా బాధ అది. 2015లో మిల్లు లెవీ ఎత్తేశారు. మీ రేషన్ కార్డు ఆగలేదు కదా.

శ్రీకాకుళం_సీత
ఆగలేదు. అది నిజమే.

ఊదుగొట్టం
మాది కంసాలి పని చేసిన ఇల్లు. బంగారు కంట్రోలు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చెయ్యకూడదని రూలు పెట్టారు. చైనా యుద్ధం అయిపోయింది, విదేశీ మారకం లేదు, బంగారం దొంగతనంగా వస్తోంది, దాన్ని ఆపాలని. 14 క్యారెట్ల బంగారం గట్టిగా ఉంటుంది, రంగు రాదు. దానితో సన్న పని తీయడం మా చేతులకు అలవాటు లేదు. అయినా మంగళసూత్రం పుత్తడి కాకుండా ఏ ఆడపిల్ల తండ్రి చేయిస్తాడు?

మా తాత కుంపటి ఆరిపోయింది. ఏడాది పాటు పని లేదు. ఊదుగొట్టం, మూసలు, పటకార్లు మూట కట్టి అటకెక్కించి, రోడ్డు కాంట్రాక్టరు దగ్గర కంకర కొట్టడానికి వెళ్లాడు. నగిషీ చేసే వేళ్లు అవి. దేశమంతటా స్వర్ణకారులు ఆత్మహత్యలు చేసుకున్నారు, అప్పటి పత్రికల్లో వచ్చింది. 14 క్యారెట్ల నిబంధన కొన్నేళ్లకు తీసేశారు గానీ 1968లో మళ్లీ చట్టం తెచ్చి లైసెన్సులు, రిజిస్టర్లు పెట్టారు. 1990లో రద్దయింది. ఈ 27 ఏళ్లలో దొంగ బంగారం ఆగిందా? ఇంకా పెరిగింది. ఆగింది మా పని.

పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు. ఒక కాగితం మీద సంతకంతో లక్షల మంది చేతివృత్తి నిలిచిపోతుందంటే అలాంటి అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

నెల్లూరు_మొలగొలుకులు
ఊదుగొట్టం గారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఎర్రమందారం
నేనూ అంతే. దీన్ని సమర్థించను.

బాలానగర్_బిడ్డ
ఇప్పుడు రెండో వైపు. మా నాయిన సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టర్. మాది మెదక్ జిల్లాల చిన్న పల్లె. ఆ నౌకరీ రాకపోతే ఆయన జీతగాడిగనే ఉండేటోడు. క్వార్టర్, దవాఖాన, పిల్లలకు బడి, అన్నీ వచ్చినయి. హైదరాబాద్ చుట్టూ బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్, మిధాని, ఇవన్నీ లేకుంటే ఈ ఊరికి ఇంతమంది ఇంజినీర్లు ఎక్కడికెళ్లి వస్తుండిరి? ఇయ్యాల హైదరాబాద్ మందులు దునియా మొత్తం పోతున్నయి. ఆ విద్య ఎక్కడ పుట్టింది? సోవియట్ సాయంతో పెట్టిన సర్కారు మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌ల. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు సుత ముందు అక్కడ పనిచేసినోళ్లే. ఇగ 1970 పేటెంట్ చట్టం. మందు మీద కాదు, తయారుచేసే పద్ధతి మీదనే పేటెంట్ అన్నరు. అందుకే మనోళ్లు వేరే పద్ధతిల చవకగ చేసిండ్రు. అది సుత సర్కారు జోక్యమే కద లలిత మేడం?

లెక్కల_లలిత
నూటికి నూరుపాళ్లు. నేను క్లాసులో కూడా చెబుతాను. కానీ ఒకటి గమనించండి. విద్య ఐడీపీఎల్‌లో పుట్టింది, పండింది బయట. ఐడీపీఎల్ 1992కల్లా ఖాయిలా జాబితాలో చేరింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి పెట్టిన కంపెనీలు ఎదిగాయి. అదే మనుషులు, అదే రసాయన శాస్త్రం. తేడా ఎక్కడుంది?

బాలానగర్_బిడ్డ
తేడా నాకు తెలుసు మేడం, ఇంట్ల చూసిన. మా నాయిన చెప్పేటోడు, ఒక మోటరుకు బేరింగ్ పోతే టెండరు పిలిచి, ఫైలు తిరిగి, మంజూరయ్యేటాలకు మూడు నెలలు. బజార్ల అది పావుగంటల దొరుకుతది. ఆ మూడు నెలలు మిషిను ఖాళీ, మనుషులు ఖాళీ, జీతం మాత్రం ఒకటో తారీఖు. "మాకు పని చేయాలని లేక కాదు బిడ్డా, చేయనియ్యలే" అనేటోడు. ఫ్యాక్టరీ మూతపడ్డనాడు గేటు కాడ నిలబడి ఏడ్చిండు. సోమరిపోతులు అని పేపర్ల రాస్తే ఆయనకు ఎంత బాధయిందో చెప్పలేను.

గాజువాక_గాలి
విశాఖ ఉక్కు గురించి కూడా ఇదే. 1966లో ఉద్యమం, 32 ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పీవీ జాతికి అంకితం చేశారు. రాయి వేయడానికీ జాతికి అంకితం కావడానికీ మధ్య 21 ఏళ్లు. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఖర్చు, వడ్డీ పెరిగాయి. పైగా సొంత ఇనుప గని ఇవ్వలేదు, బజారు ధరకు ఖనిజం కొనుక్కోవాలి. తర్వాత నష్టాలొచ్చాయి కాబట్టి అమ్మేస్తామని 2021లో నిర్ణయం. జనం తిరగబడ్డాక 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ. కాళ్లు కట్టేసి పరుగెత్తమని, ఓడిపోయావు కాబట్టి అమ్మేస్తామంటే ఎలా? సర్కారు నడపడమే తప్పంటారా, సర్కారు సరిగ్గా నడపనివ్వకపోవడం తప్పంటారా?

చిన్న_సందేహం
మరి దక్షిణ కొరియాలో కూడా సర్కారు కంట్రోలే కదా? వాళ్లెలా బాగుపడ్డారు?

లెక్కల_లలిత
మంచి ప్రశ్న వేశావు. అక్కడ పోస్కో ఉక్కు కంపెనీని 1968లో సర్కారే పెట్టింది. బ్యాంకులు సర్కారు గుప్పిట్లోనే ఉండేవి. అయితే అప్పు తీసుకున్నవాడు విదేశాలకు సరుకు అమ్మి చూపించాలి. అమ్మలేకపోతే సాయం ఆగిపోతుంది. అంటే సర్కారు చెయ్యి పట్టుకుంది గానీ ప్రపంచ బజారులోకి తోసింది. మనం చుట్టూ గోడ కట్టి లోపల కూర్చోబెట్టాం. దిగుమతి సుంకాలు 1990 నాటికి కొన్నింటి మీద 300 శాతం దాటాయి. పోటీ లేదు కాబట్టి ముప్ఫై ఏళ్లు అదే కారు అమ్మినా కొన్నారు. 1950 ప్రాంతంలో ప్రపంచ ఎగుమతుల్లో మన వాటా సుమారు రెండు శాతం, 1990కి అర శాతం. గాజువాక గారి ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే. సర్కారుదా ప్రైవేటుదా అన్నదానికన్నా, సరిగ్గా చెయ్యకపోతే ఏమవుతుందన్న భయం ఉందా లేదా అన్నది పెద్ద సంగతి.

ఎర్రమందారం
ఇందులో ఇంకో నిజం కూడా ఉంది. లైసెన్సు రాజ్ పెద్దవాళ్లను అదుపులో పెట్టడానికని చెప్పారు. 1967లో లైసెన్సుల తీరు మీద వచ్చిన హజారీ నివేదిక ఏం తేల్చింది? పెద్ద వ్యాపార కుటుంబాలే ముందుగా లైసెన్సులు దక్కించుకుని, ఫ్యాక్టరీ పెట్టకుండా, ఇంకొకడు పెట్టకుండా అడ్డుకున్నాయని. ఢిల్లీలో మనిషిని పెట్టుకోగలిగేది ఎవరు? వాళ్లే. కాబట్టి అది నా లెక్కలో సోషలిజం కాదు, ఉన్నవాడికి కంచె.

గుంటూరు_కారం
ఇదే మాట రాజాజీ, మన నిడుబ్రోలు రంగా గారు 1959లోనే చెప్పారు. పర్మిట్-లైసెన్స్ రాజ్ అనే మాట రాజాజీదే. నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు పొలం పోతుందని రంగా గారు కాంగ్రెస్ వదిలి వచ్చి స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. జమీందార్ల పార్టీ అని వెక్కిరించారు. మా తాత రెండెకరాల రైతు, ఆ పార్టీకే ఓటేశాడు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. తర్వాత ఆ పార్టీ నిలవలేదు. కానీ చెప్పింది మాత్రం తప్పు కాలేదు.

డెట్రాయిట్_డాక్టర్
1972లో ఎంబీబీఎస్ అయ్యాక అమెరికా వచ్చాను. టికెట్ కొనాలంటే పి ఫారం, అంటే విదేశీ ప్రయాణానికి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. చేతికి 8 డాలర్లు ఇచ్చారు, రూలు అంతే. నాన్న ఎకరం అమ్మి డబ్బిచ్చారు, అది రూపాయల్లో ఉండి ఏం లాభం? ఆ 8 డాలర్లతో దిగి, ఒక తెలుగాయన ఇంట్లో నెల రోజులు తిన్నాను. వెళ్లిపోయామని మమ్మల్ని తప్పు పడతారు. నాతో చదివిన వాళ్లలో ఊళ్లో క్లినిక్ పెట్టి ఎక్స్‌రే మిషన్ తెప్పించుకుందామని దిగుమతి పర్మిషన్ కోసం రెండేళ్లు తిరిగి, చివరికి వీసాకు దరఖాస్తు పెట్టినవాడు ఉన్నాడు.

నాన్న కోసం ఇంటికి ఫోను 1976లో దరఖాస్తు పెట్టించాను. 1987లో వచ్చింది. ఆయన 1985లో పోయారు.

పాతకాలం_మనిషి
డాక్టరు గారూ, ఏమనాలో తెలియడం లేదు.

కరీంనగర్_కాకా
1991 గురించి ఎవరూ రాయలేదు. జూన్‌లో పీవీ ప్రమాణం చేసేనాటికి ఖజానాలో విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు కూడా బొటాబొటి. జూలైలో 47 టన్నుల బంగారం ఇంగ్లండు, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం, 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు రద్దు. బడ్జెట్ అందరికీ గుర్తుంది. లైసెన్సులు రద్దు చేసిన పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే పెట్టుకున్నారని చాలామందికి తెలియదు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టి, సొంత భూమి వదులుకుని, పదవి పోగొట్టుకున్న వంగర మనిషి ఆయన. అంటే సోషలిజం అంటే పడని మనిషి కాదు. పనిచేయని దాన్ని పనిచేయడం లేదని ఒప్పుకోగలిగిన మనిషి. నంద్యాల జనం ఆయనను గెలిపించి పంపినందుకు నాకు ఇప్పటికీ సంతోషం.

ఓరుగల్లు_పత్తి
కాకా, పీవీ మీద మీకున్న అభిమానం నాకూ ఉంది. కానీ 91 తర్వాత అంతా వెలుగే అన్నట్టు రాయకండి. 1997, 98ల్లో మా వరంగల్ పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మా పెదనాన్న అందులో ఒకడు. వ్యవసాయ శాఖ మనిషి ఊరికి రావడం తగ్గింది, మందుల షాపు అతనే సలహాదారు, అతనే అప్పిచ్చేవాడు. నూటికి మూడు వడ్డీ. బ్యాంకు ఉంది గానీ కౌలు రైతుకు ఇవ్వదు. సర్కారు అన్నింట్లో చెయ్యి పెట్టినప్పుడు కంసాలి పోయాడు, చెయ్యి తీసేసినప్పుడు మా పెదనాన్న పోయాడు. ఏ పని సర్కారుది, ఏది కాదు అన్నది ఎవరూ సరిగ్గా లెక్క చూసుకోలేదు.

లెక్కల_లలిత
ఓరుగల్లు గారి మాటకు ఒకటి జోడిస్తాను, నా వాదనకు వ్యతిరేకమైనా సరే. 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయం చేసేముందు దేశం మొత్తం మీద బ్యాంకు శాఖలు 8,262. 1991కి 60 వేలు దాటాయి, సగం పైన పల్లెల్లోనే. మా అత్తగారు 1978లో గేదె కోసం బ్యాంకు అప్పు తీసుకున్నారు. ఆవిడ వంశంలో షావుకారు గుమ్మం కాకుండా ఇంకో గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత అదే బ్యాంకుల్ని అప్పుల మేళాలకు, 1990 రుణమాఫీకి వాడుకున్నారు, అదీ నిజమే. ఇంకోటి, వృద్ధి 1991లో హఠాత్తుగా మొదలవలేదు. 80లలో కొంచెం కొంచెంగా పర్మిట్లు సడలించినప్పుడే ఐదు శాతం దాటింది. అయితే సర్కారు అప్పు చేసి ఖర్చు పెట్టింది, గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, అక్కడే కూలబడ్డాం.

గోదారి_గట్టు
ఇవన్నీ ప్రింటు తీసి నిన్న మా నాన్నమ్మకు చదివి వినిపించాను. ఆవిడకు 84. అంతా విని, ఆ కాగితం ఇలా ఇవ్వమంది. పెన్సిలు తేదీల్లో చివరిదాని మీద వేలు పెట్టి "ఇది మామిడిపళ్ల రోజు" అంది.

తాతయ్య బడిపంతులు. ఒకరి దగ్గర తీసుకోలేదు, ఒకరికి ఇవ్వలేదు అని ఊరంతా చెప్పుకునే మనిషి. ఆరుసార్లు తిరిగాక, ఏడోసారి ఒక బుట్ట బంగినపల్లి పళ్లు పట్టుకుని గుమాస్తా ఇంటికి వెళ్లారట. మర్నాడు సీలు పడింది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదంది. ఆ తర్వాత జన్మలో మళ్లీ ఆ ఊసు ఎత్తలేదట. 45 బస్తాలు ముందు గదులకు, పైకప్పుకు సరిపోయాయి. వెనక రెండు గదులు సున్నంతో కట్టించారు. చిన్నప్పటి నుంచి ఆ గదులు చూస్తున్నాను, గోడలు వేరేగా ఎందుకున్నాయని ఎప్పుడూ అడగలేదు.

పాతకాలం_మనిషి
బాబూ, నేను మొదట చెప్పలేదు. నేను చేసింది అలాంటి సెక్షన్‌లోనే. మీ జిల్లా కాదు. నెలకు వందల దరఖాస్తులు, వచ్చే కోటా ఏ మూలకూ చాలదు. ఎవరికివ్వాలో పైనుంచి చీటీ వస్తుంది, మిగిలింది మా చేతిలో. నేను ఎవరినీ డబ్బు అడగలేదు. కానీ బుట్టలు వచ్చేవి. మొదట్లో తిప్పి పంపాను. తర్వాత కొన్ని ఉంచుకున్నాను. ఇచ్చి వెళ్లినవాళ్లు ఇంటికెళ్లి అన్నం తిన్నారో లేదో ఏనాడూ ఆలోచించలేదు. మీ నాన్నమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

గోదారి_గట్టు
చెబుతానండి. తాతయ్య బతికుంటే ఆయన కూడా మిమ్మల్ని తప్పు పట్టరు.

మరమ్మతుల మేస్త్రీ రేపు వస్తున్నాడు. వెనక గదుల సున్నం గోడలు అక్కడక్కడ పెచ్చులూడాయి, కొట్టేసి సిమెంటు పూత వేద్దామంటున్నాడు. ఇప్పుడైతే ఎన్ని బస్తాలైనా గంటలో దించుతారు.

గాజువాక_గాలి
సున్నం గోడ మీద సిమెంటు పూత వేయించకండి తమ్ముడూ. లోపలి చెమ్మ బయటికి రాక పూత మొత్తం ఊడిపోతుంది. ఊడినచోట మళ్లీ సున్నమే పెట్టించండి. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు మీ వైపు ఇంకా ఉంటారు, గుళ్లకు మరమ్మతులు చేసేవాళ్లను అడగండి.